ఆర్ట్ జర్నల్ పేజీకి ఏ జిగురు? ఐదు రకాల మీద సమీక్ష

కాగితం మీద కాగితం నిలబెట్టడమే పనైతే ఇంట్లో ఉన్న ఏ బంకైనా చాలు. ఆర్ట్ జర్నల్ అంటే కాగితం ముక్కలు అంటించి (దీన్నే కొలాజ్ అంటారు), రంగు వేసి, పెన్నుతో గీసుకునే సొంత పుస్తకం. దాని పేజీకి అంటించిన తర్వాతే అసలు పరీక్ష. అంటించిన ముక్క మీద తడి రంగు పడుతుంది. రంగు ఆరాక దాని మీద పెన్ను నడుస్తుంది. అంతా అయ్యి పుస్తకం మూస్తే ఆ పేజీ ఎదుటి పేజీకి ఒత్తుకుని నెలల తరబడి ఉంటుంది. ఈ మూడు చోట్లా ఒకే జిగురు నెగ్గడం అరుదు. అందుకే ఇక్కడ అతుకు బలానికి మార్కులు వేయలేదు, ఆ విషయంలో అన్నీ పాసే. చూసినవి నాలుగు: కాగితం ముడత పడుతుందా, అంచు లేస్తుందా, పైన పెన్ను సాఫీగా నడుస్తుందా, పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయా.

బరిలో ఉన్నవి ఫెవిస్టిక్ లాంటి గ్లూ స్టిక్, ఫెవికాల్ ఎంఆర్, అక్రిలిక్ మ్యాట్ మీడియం, మాడ్ పాడ్జ్, పొయ్యి మీద కాచిన మైదా లై. డబుల్ సైడ్ టేపు ఆటలో అరటిపండు. దానికీ ఒక చోటుంది, తర్వాత చెప్పుకుందాం.

ముందు కింద కాగితం

రూళ్ల నోటుబుక్కులో అంటించి, ముడతలు పడ్డాయని జిగురును తిట్టడం న్యాయం కాదు. మామూలు నోటుబుక్కు కాగితం 60, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెప్పే లెక్క) దగ్గర ఉంటుంది. నీళ్లున్న ఏ జిగురు తగిలినా అది అప్పడంలా వంకర తిరుగుతుంది. రంగు, కాగితం, పెన్ను కలిసే మిక్స్‌డ్ మీడియా పనికి 200 జీఎస్ఎం కనీసం, 300 అయితే నిశ్చింత. ఏ5 సైజు పుస్తకం మొదలుపెట్టేవాళ్లకు సౌకర్యం. పాత నోటుబుక్కే వాడాలనుకుంటే మూడేసి కాగితాలు కలిపి అంటించి, బరువు కింద ఒక రాత్రి ఉంచి, అప్పుడు దాన్ని ఒక పేజీగా లెక్కపెట్టుకోవాలి.

కొలాజ్ పుస్తకం ఉబ్బుతుంది, అట్ట మూతపడదు. మొదలుపెట్టక ముందే ప్రతి మూడో కాగితాన్ని కుట్టు దగ్గర ఒక సెంటీమీటరు వదిలి కత్తిరించేయాలి. పూర్తిగా చింపితే కుట్టుకు అవతల ఉన్న జోడీ కాగితం ఊడి చేతికొస్తుంది. ఆ ఒక్క సెంటీమీటరు వదిలేది అందుకే.

పేజీకి పల్చగా ఒక పూత జెస్సో వేస్తే జిగురు నీరు కాగితంలోకి దిగడం తగ్గుతుంది. జెస్సో అంటే అక్రిలిక్ బైండరు, సుద్దపొడి, తెల్లరంగు కలిసిన పూత. ఆరాక చేత్తో తడిమితే సన్నగా గరుగ్గా ఉంటుంది. ఒకవైపే వేస్తే ఆరేటప్పుడు ఆ పొర ముడుచుకుని పేజీని తనవైపు లాగుతుంది, కాబట్టి వెనక వైపు కూడా ఒక పూత వేయడం మంచిది. వెనక వేసే ఓపిక లేకపోతే కనీసం ఉత్త నీళ్లతో వెనకవైపు కాస్త తడిపి, బరువు కింద పెట్టినా వంపు చాలావరకు పోతుంది.

గ్లూ స్టిక్

నీళ్లు తక్కువ, అదే దీని బలం. ట్రేసింగ్ కాగితం, టిష్యూ, పాత పంచాంగం పుట లాంటి పల్చటివాటిని ముడత లేకుండా అంటించడంలో ఈ ఐదింటిలో దీనికి సాటి లేదు. అంటించిన వెంటనే పైన పెన్సిలు, పెన్ను పని చేసుకోవచ్చు. ప్రయాణంలో సంచిలో వేసుకోవడానికీ ఇదే.

బలహీనత ఏమిటంటే ఆరిన తర్వాత కూడా నీళ్లకు కరుగుతుంది. పైన వాటర్ కలర్ పూత వేశారంటే అంచులు లేచి, ముక్క చేపపొలుసులా నిలబడుతుంది. కొత్తవాళ్ల పేజీల్లో అంచులు లేచి కనిపించడానికి మరో కారణం రాసే తీరు. ముక్కను టేబుల్ మీద పెట్టి మధ్యలో గుండ్రంగా రుద్ది వదిలేస్తారు, అంచు దాకా వెళ్తే టేబుల్‌కి అంటుతుందని భయం. పాత వారపత్రిక తెరిచి దాని మీద ముక్కను బోర్లించి, మధ్యనుంచి మొదలుపెట్టి స్టిక్ అంచు దాటి బయటికి పోయేలా రుద్దాలి. ఒక్కో ముక్కకు వారపత్రికలో ఒక్కో పేజీ తిప్పేయాలి.

ఎండాకాలంలో స్టిక్ మెత్తబడి ఉండలు ఉండలుగా దిగుతుంది. ఆ ఉండలు కాగితం కింద మిగిలిపోయి, పైన గీత గీస్తుంటే పెన్ను గతుకుల రోడ్డు మీద సైకిల్‌లా ఎగురుతుంది. వాడే ముందు పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది. నున్నటి క్యాలెండరు కాగితానికి మాత్రం దీన్ని నమ్ముకోకూడదు.

ఫెవికాల్ ఎంఆర్

ఏ ఊళ్లో స్టేషనరీ కొట్టుకెళ్లినా దొరుకుతుంది, ధర తక్కువ, ఆరితే కనిపించదు. పీవీఏ జాతి తెల్ల జిగురు ఇది. వార్తాపత్రిక ముక్కలతో పేజీ నిండా నేపథ్యం పరచడానికి ఇంతకంటే ఖర్చు పెట్టనక్కర్లేదు. పల్చటి కాగితానికి రెండు పాళ్ల జిగురుకు ఒక పాలు నీళ్లు, దళసరి కాగితానికి నీళ్లు లేకుండా. వడ్రంగులు వాడే చిక్కటి డబ్బా రకం ఈ పనికి అనవసరం.

దీని మీద వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: ముడతలు. కారణం తెలిస్తే సగం తగ్గించవచ్చు. కాగితంలో పీచు చాలావరకు ఒకే దిశగా పరచుకుని ఉంటుంది. తడి తగిలితే ఆ పీచు పొడవునా కాకుండా అడ్డంగా ఉబ్బుతుంది. వార్తాపత్రికను పైనుంచి కిందికి చింపితే నిట్టనిలువుగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది. నేరుగా చిరిగే దిశే పీచు దిశ. పొడి ముక్కను తడి జిగురు మీద పెట్టగానే అది అక్కడికక్కడ ఉబ్బడం మొదలుపెడుతుంది, పక్కకు జరగడానికి చోటు లేక పైకి లేస్తుంది. ముడత అంటే అదే.

కాబట్టి ముక్కకు ముందే జిగురు రాసి అర నిమిషం ఆగాలి. ఉబ్బేదంతా గాలిలోనే ఉబ్బనివ్వాలి. ఈలోగా పేజీ మీద కూడా పల్చగా పూత వేసి, ముక్కను మధ్యభాగం ముందు ఆనేలా దించి, పైన బటర్ పేపర్ పరిచి, పాత ఏటీఎం కార్డు అంచుతో నడుమ నుంచి బయటికి నెట్టాలి. బయటికొచ్చిన జిగురు వెంటనే తుడిచేయాలి. ఆ చుక్క ఆరితే అక్కడ రంగు పట్టదు, వాటర్ కలర్ వేసినప్పుడు తెల్లటి మచ్చలా బయటపడుతుంది. ఆఖరున బటర్ పేపర్ మధ్య పెట్టి, నాలుగు లావుపాటి పుస్తకాల కింద రాత్రంతా.

ముక్క పెద్దదైతే పీచు దిశను పేజీ పీచు దిశతో కలపండి. రెండూ ఒకేలా ఉబ్బి ఒకేలా తగ్గుతాయి. అరచేతికంటే చిన్న ముక్కలకు ఇంత లెక్క అవసరం లేదు.

హెయిర్ డ్రయర్‌తో తొందరపెట్టడం దీనికి సరిపడదు. పీవీఏ సుమారు 30, 40 డిగ్రీల మధ్యే మెత్తబడడం మొదలవుతుంది. వేడిగాలికి కింద ఆవిరి చేరి బుడగలు లేస్తాయి. అదే కారణంగా పూర్తిగా ఆరిన పేజీ కూడా విజయవాడ మే నెలలో బంకగా తగలొచ్చు. పై పూతగా దీన్ని వాడొద్దనేది ఈ సమీక్ష గట్టిగా చెప్పే మాట. కింద ఉంటే సేవకుడు, పైకొస్తే పెత్తందారు. గాజులాంటి నున్నటి పొర ఏర్పడి, దాని మీద ఫైన్‌లైనర్ (సన్నమొన పెన్ను) సిరా ఇంకక, వేలు తగలగానే చెదిరిపోతుంది.

మ్యాట్ మీడియం

అక్రిలిక్ రంగులో రంగుపొడి తీసేస్తే మిగిలేదే ఇది అనుకోవచ్చు. తడిగా ఉన్నప్పుడు పాలలా, ఆరాక పారదర్శకంగా ఉంటుంది. లిక్విటెక్స్, గోల్డెన్ లాంటి విదేశీ కంపెనీలవి, మన కంపెనీలవి కూడా దొరుకుతాయి. ఫెవికాల్‌తో పోలిస్తే ధర చాలా ఎక్కువ. ఆ ధరకు దొరికేది ఒకటే ఒకటి, కానీ పెద్దది: ఒకసారి ఆరితే నీళ్లకు కరగదు. కొలాజ్ మీద రంగు, రంగు మీద ఇంకో కాగితం, దాని మీద మళ్లీ రంగు, ఇలా ఐదారు పొరలు వేసేవాళ్లకు ఇది తప్పదు. కింద పొర కదలదు.

మెరిసే గ్లాసీ రకం కొనాలా మెరవని మ్యాట్ కొనాలా అంటే జర్నల్‌కి మ్యాట్ మాత్రమే. అక్రిలిక్ పొర గది వేడిలోనూ ఎప్పుడూ కాస్త మెత్తగానే ఉంటుంది, రెండు పొరలు ముఖాముఖి ఒత్తుకుంటే కలిసిపోవాలని చూస్తాయి. మ్యాట్ రకంలో మెరుపు చంపడానికి కలిపే సన్నటి పొడి ఆ అంటుకునే గుణాన్ని తగ్గిస్తుంది, పెన్నుకు పట్టు కూడా ఇస్తుంది. దానికి మూల్యం, నల్లటి బొమ్మల మీద మూడు నాలుగు పూతలు పడితే సన్నటి మంచు కమ్మినట్టు కనిపించడం. నలుపు ఎక్కువున్న ఫోటో మీద ఒక్క పూతతో ఆపాలి.

వాడే బ్రష్ వెంటనే నీళ్లలో పెట్టాలి. అరగంట మర్చిపోతే బ్రష్ పుల్లయిపోతుంది, మళ్లీ పనికిరాదు. సన్న కుంచెలు దీనికి బలిచేయొద్దు, అర అంగుళం చవక బ్రష్ చాలు. కింద ఒక పూత, పైన ఒక పూత లెక్కన ఏ5 పేజీకి సుమారు 6 మిల్లీలీటర్లు పడుతుంది. 100 మిల్లీలీటర్ల సీసా పదిహేను పేజీల దాకా వస్తుంది. మొదటిసారే అర లీటరు కొననక్కర్లేదు.

మాడ్ పాడ్జ్

అంటించడం, పూత వేయడం రెండూ ఒకే సీసాతో అని దీని పేరు. చెక్క పెట్టె, గాజు సీసా, ట్రే మీద కాగితం అంటించే పనికి చక్కటి వస్తువు, ఆ పేరు ఊరికే రాలేదు. పుస్తకంలో మాత్రం ఇరుక్కుంటుంది. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ లోపల పూర్తిగా గట్టిపడడానికి నాలుగు వారాలు పడుతుందని తయారీదారే చెబుతాడు. జర్నల్‌ను నాలుగు వారాలు తెరిచి పెట్టేదెవరు? మూశారా, పేజీలు కరుచుకుంటాయి, విడదీసేటప్పుడు టప్పున చప్పుడై బొమ్మ సగం ఎదుటి పేజీకి వెళ్లిపోతుంది. కొనాలనే ఉంటే మ్యాట్ రకం తీసుకుని అంటించడానికి మాత్రం వాడండి. ఇంట్లో ఇప్పటికే ఉంటే వాడేయండి, జర్నల్ కోసం ప్రత్యేకంగా కొనడం అనవసరం.

మైదా లై

గోడల మీద సినిమా పోస్టర్లు నిలబెట్టిన జిగురు ఇది. రెండు టేబుల్ స్పూన్ల మైదాను అర కప్పు చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి, మరుగుతున్న ఒక కప్పు నీళ్లలో పోస్తూ తిప్పాలి. నాలుగైదు నిమిషాల్లో తెల్లదనం పోయి గంజిలా నిగనిగలాడుతుంది. అప్పుడు దించేయాలి. తెల్లగా ఉండగానే దించితే పిండి ఉడకక, ఆరాక పొడిగా రాలుతుంది. వడగట్టి, పూర్తిగా చల్లారాకే వాడాలి.

ఆశ్చర్యంగా అనిపించినా పైన పెన్ను నడక విషయంలో మొదటి మార్కు దీనికే. పిండి పొర కాగితంలాగే సిరా పీలుస్తుంది, మెరవదు, పేజీలు అతుక్కోవు. నెమ్మదిగా ఆరుతుంది కనుక ముక్కను జరిపి సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. పెద్ద పెద్ద కాగితాలకు ఇది వరం.

నీళ్లు ఎక్కువ కాబట్టి ముడతల విషయంలో ఫెవికాల్‌కి అన్న. తడి రంగుకు మెత్తబడుతుంది. బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో వారం, పులిసిన వాసన వస్తే పారబోయాలి. బొద్దింకలు, సిల్వర్ ఫిష్ దీని కోసమే వస్తాయి. పాతకాలపు బైండర్లు అందుకే లైలో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, వంటింటి గిన్నెలో కలిపే సరుకు కాదు, ఇంట్లో పిల్లలుంటే ఆ ఆలోచనే వద్దు. బదులుగా లైతో అంటించిన పేజీకి పైన జెస్సోనో మ్యాట్ మీడియమో ఒక పూత వేసి మూసేయడం నయం.

అంటించే ముక్కలు, వాటి కోపతాపాలు

జిగురు మంచిదే అయినా ముక్క ఒప్పుకోకపోవచ్చు. శుభలేఖల దళసరి అట్ట, బంగారు పూత, ప్లాస్టిక్ పొర నీటి జిగుర్లను పీల్చవు. అంచు గోటితో లేపి పైపొరను వలిచి, కింది అట్ట వదిలేస్తే ముక్క పల్చనవుతుంది, జిగురూ పడుతుంది. వలవడానికి రాకపోతే అరటిపండు వంతు వచ్చినట్టే: డబుల్ సైడ్ టేపు. ఫోటో ప్రింట్లకూ అంతే. టేపు అంచుకు మిల్లీమీటరు కూడా తేడా లేకుండా ముక్క నాలుగు వైపులా వేయాలి, లేకపోతే ఆ సందులోకి రంగునీళ్లు దూరతాయి.

ఇంక్‌జెట్ ప్రింటరులో తీసిన బొమ్మ తడి జిగురు తగలగానే కారిపోతుంది. లేజర్ ప్రింటు, జిరాక్స్ కారవు. అనుమానం ఉంటే ఒక మూల తడి వేలితో రుద్ది చూడండి. ఏటీఎం స్లిప్పు, సూపర్ మార్కెట్ బిల్లు, చాలా సినిమా టికెట్లు థర్మల్ కాగితం మీద వస్తాయి. జిగురు లేకపోయినా వాటి అక్షరాలు కాలంతో మాసిపోతాయి, వేడి గాలి తగిలితే నల్లబడతాయి. జ్ఞాపకంగా దాచుకునే టికెట్ అయితే జిరాక్స్ తీసి ఆ జిరాక్స్‌ను అంటించండి. వార్తాపత్రిక ఎండ తగిలితే పసుపు పడుతుంది, ఏ పూతా దాన్ని పూర్తిగా ఆపదు. ఆ పసుపు నచ్చేవాళ్లకు ఇబ్బంది లేదు.

పేపర్ నాప్కిన్‌లో రెండు మూడు పొరలుంటాయి. బొమ్మ ఉన్న పై పొరను మాత్రమే విడదీసి, మ్యాట్ మీడియం పేజీ మీద రాసి, పైనుంచి పరచాలి. నాప్కిన్‌కే రాయబోతే చిరుగుతుంది. పెడన కలంకారీ గుడ్డముక్కలు పేజీకి ఎంత అందమో అంత బరువు. నీళ్లు కలపని ఫెవికాల్ పేజీకి రాసి గుడ్డను పొడిగా వేయాలి, లేకపోతే జిగురు నేతలోంచి పైకి ఉబికి మెరుపు మరకలు పడతాయి. కొత్త గుడ్డ రంగు దిగుతుందేమో ముందు తడి దూదితో అద్ది చూడాలి.

కత్తెరతో కోసిన అంచు మెట్టులా నిలబడుతుంది, చేత్తో చింపిన అంచు పల్చనై పేజీలో కలిసిపోతుంది. పైన పెన్ను పని ఉన్నచోట చింపడమే మేలు.

పెన్ను ఎక్కే వేళ

ఒక చిన్న పరీక్ష. కొలాజ్ అంచు మీదుగా పోయేలా 5 చుక్కలు, 3 వరకు, సందు చుక్క వేయండి, మొత్తం 19 చుక్కలు వస్తాయి. చుక్కకూ చుక్కకూ సెంటీమీటరు దూరం. వాటి చుట్టూ పెన్ను ఎత్తకుండా మెలికల ముగ్గు తిప్పండి. ఈ ముగ్గు అబద్ధం చెప్పదు: జిగురు ఉండ ఉన్నచోట గీత వణుకుతుంది, అంచు సరిగ్గా అంటనిచోట తెగుతుంది, నున్నటి పొర ఉన్నచోట సిరా చుక్కలు చుక్కలుగా ముడుచుకుంటుంది.

సకురా పిగ్మా మైక్రాన్ ఫైన్‌లైనర్లలో 01 గీత 0.25 మిల్లీమీటర్లు, 05 గీత 0.45. గరుకు జెస్సో మీద 01 మొన వారం తిరక్కుండా నలిగిపోతుంది, అక్కడ 05 గానీ 08 గానీ వాడాలి. పచ్చిగా ఉన్న మీడియం మీద ఏ ఫైన్‌లైనర్ నడిపినా మొనలోకి జిగురు ఎక్కి సిరా ఆగిపోతుంది. అది మళ్లీ బాగుపడదు, కాబట్టి పేజీ ఒక రోజు ఆరనివ్వాలి. రంగు పొరల మీద ధైర్యంగా నడిచేవి యూని పోస్కా మార్కర్లు. పీసీ-3ఎం మొన డూడుల్స్‌కి, 5ఎం నింపడానికి. తెల్ల గీతలకు సిగ్నో, జెల్లీ రోల్ జెల్ పెన్నులు రెండూ బాగుంటాయి కానీ పూత వేసిన పేజీ మీద జెల్ సిరా ఇంకదు, పైకి ఆరాలి. ఐదు నిమిషాలు చెయ్యి పెట్టొద్దు. కుడిచేతివాళ్లు పేజీ ఎడమ పైమూల నుంచి మొదలుపెట్టాలి.

ఏది కొనాలి

ఇప్పుడే మొదలుపెడుతుంటే ఫెవికాల్ ఎంఆర్, ఒక గ్లూ స్టిక్, బటర్ పేపర్ చుట్ట. మిగిలిన డబ్బు కాగితం మీద పెట్టండి. నాలుగైదు పేజీలు చేశాక పొరల మీద పొరలు వేయాలనిపిస్తే అప్పుడు 100 మిల్లీలీటర్ల మ్యాట్ మీడియం. పెన్ను పనే ప్రధానమైతే, తడి రంగు జోలికి పోకపోతే, గ్లూ స్టిక్ ఒక్కటే జీవితాంతం చాలు. ఫెవిక్విక్ లాంటి క్షణంలో అంటుకునే జిగురు కాగితంలోకి ఇంకి గట్టి మరక చేస్తుంది, రబ్బరు సొల్యూషన్ ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. రెండూ జర్నల్ దరిదాపులకు రానివ్వొద్దు.

ఏ జిగురు వాడినా పూర్తయిన పేజీల మధ్య బటర్ పేపర్ ముక్క పెట్టి, పుస్తకాన్ని పడుకోబెట్టకుండా అలమరలో నిలబెట్టండి. ఇప్పటికే అతుక్కుపోయిన పేజీలుంటే లాగొద్దు. పుస్తకాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి ఒక గంట ఫ్రీజర్‌లో పెడితే అక్రిలిక్ పొర బిరుసెక్కుతుంది. బయటికి తీయగానే, చలి పోకముందే, పల్చటి స్టీలు స్కేలు మూలనుంచి జారవిడుస్తూ నెమ్మదిగా విడదీయవచ్చు.